వలకర్రల షీల్డు

జ్ఞానమణికి కుదురు లేదని మొదట అన్నది వాళ్ల నాయన ఏసేపు. ఆయన కోవెలకుంట్ల పక్క ఒక పల్లెలో మిషను ఉపదేశి. ఆదివారం ఆయన వాక్యం చెబుతుంటే ఆడవాళ్లంతా చాపల మీద కూర్చుని వినేవాళ్లు, ఆయన కూతురు మాత్రం గోడ వెంబడి అటూ ఇటూ తిరిగేది. పెద్దదయ్యాక తిరగడం మానిందిగాని, కూర్చున్నచోటే పాదం ఆడిస్తూ ఉండేది. జొన్నచేలో కోతకు పోతే అందరికన్నా ముందు సాలు ముగించి, పక్కవాళ్ల సాలులోకి పోయి తిట్లు తినేది. ఈ పిల్లను ఇంట్లో పెట్టుకుని వేగలేమని కాదుగాని, చదువు బాగా వస్తున్నదని, కర్నూలులో మిషను వాళ్ల ఆడవాళ్ల ట్రెయినింగు కాలేజీలో చేర్పించాడు ఏసేపు. రెండేళ్లు చదివితే టీచరమ్మ అవుతుంది.

ఆ కాలేజీలో కర్నూలు ఊరికి తెలియని ఒక ఆట ఉండేది. స్కాట్లండు నుంచి వచ్చిన మిస్ హార్వే దొరసాని తనతో ఓడలో ఒక కట్ట కర్రలు తెచ్చుకుంది. ఒక్కొక్కటి మనిషి ఛాతీ ఎత్తు ఉంటుంది. పైకొన వంపు తిరిగి, ఆ వంపులో తోలుదారాలతో అల్లిన చిన్న వల. రబ్బరు బంతిని ఆ వలతోనే పట్టాలి, వలతోనే విసరాలి, చేత్తో ముట్టకూడదు. బంతి వలలో ఉన్నంతసేపు కర్రను ఊయల ఊపినట్టు ఊపుతూ పరుగెత్తాలి, లేకపోతే జారి పడిపోతుంది. దాని పేరు లక్రాస్. ఆ పేరు నోరు తిరగక పిల్లలు వలకర్ర ఆట అన్నారు. ప్రహరీ మీదుగా తొంగిచూసిన జట్కావాళ్లు, ఈ కర్రలతో తుంగభద్రలో చేపలు పడతారా అమ్మా అని అడిగేవాళ్లు.

కర్నూలు, కడప, బళ్లారి, నెల్లూరు, ఈ నాలుగు ఊళ్లలోని ఆడవాళ్ల ట్రెయినింగు కాలేజీలకు ఏటా క్రిస్మసు దాటాక పందెం జరిగేది. గెలిచినవాళ్లకు టేకుచెక్క షీల్డు. దాని మీద ఏ ఏడు ఎవరు గెలిచారో చిన్న వెండి రేకుల మీద చెక్కించి బిగిస్తారు. ఆ రేకులన్నీ చదివితే కడప, కడప, కడప. మధ్యలో ఒక్కచోట కర్నూలు. ఆ ఒక్కటీ ఎట్లా వచ్చిందంటే, ఫైనలు నాడు కడప జట్టులో సగంమంది చలిజ్వరంతో ముసుగు తన్ని పడుకున్నారు. ఆట లేకుండానే కర్నూలు వాళ్లకు షీల్డు చేతిలో పెట్టారు. అప్పటినుంచి కడప పిల్లలు దాన్ని జ్వరం షీల్డు అనేవాళ్లు. ఆ మాట తర్వాత వచ్చిన పిల్లలకు కూడా అంటుకుని, కర్నూలు కాలేజీలో ఆ రేకు సంగతి ఎవరూ ఎత్తేవాళ్లు కాదు.

జ్ఞానమణి చేతికి కర్ర వచ్చాక ఆమె కాళ్లకు మొదటిసారి ఒక పని దొరికింది. బంతి వలలో పడితే ఇక ఆగేది కాదు. దొరసాని ఈల ఊదుతున్నా వినబడేది కాదు. మొదటి ఏడే ఫైనలు దాకా వచ్చారు. చివరి నిమిషాల్లో జ్ఞానమణి బంతితో గోలు దాకా పరుగెత్తింది. పక్కనే సుబ్బరత్నమ్మ ఎవరి అడ్డూ లేకుండా నిలబడి పిలుస్తూ ఉంది. జ్ఞానమణి ఇవ్వలేదు. కడప కెప్టెను ప్రేమమ్మ అడ్డం వచ్చి ఆమె వలలోంచి బంతి ఎగరగొట్టింది. ఒక్క గోలు తేడాతో ఓడిపోయారు.

తిరుగు రైలులో సుబ్బరత్నమ్మ అడిగింది. "నన్ను చూసినావా లేదా?"

"చూసినానక్కా."

"మరి ఇయ్యకపోతివే?"

"నిలబడి ఇయ్యల్ల గదా. నిలబడేది నాకు చేతకాలేదు."

సుబ్బరత్నమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆమె తీరే అంత. కమలాపురం దగ్గర పల్లెలో పెద్ద సేద్యగాళ్ల ఇంటి పిల్ల. చిన్నప్పుడే పెళ్లయింది, తాళి కట్టిన మనిషి మొగం సరిగా గుర్తు పెట్టుకునేలోపే అతను పోయాడు. ఆ తర్వాత కొన్నేళ్లు పెరట్లో చాటలు చెరుగుతూ గడిపింది. తల్లి కృష్ణవేణమ్మ పట్టుబట్టి, కర్నూలులో ప్లీడరుగా ఉన్న బంధువు చేత మాట చెప్పించి కాలేజీలో చేర్పించింది. జట్టులో అందరికన్నా పెద్దది, నెమ్మది మనిషి. బంతి ఎక్కడ పడుతుందో ముందే చూసి అక్కడికి నడిచి వెళ్లేది.

ఆట రోజున అందరూ ఒకే రకం చీర కట్టేవాళ్లు. నీలం అంచు తెల్ల మిల్లు చీర, గోచీ పోసి, కొంగు నడుముకు దోపి. గాజులు పగిలి గుచ్చుకుంటాయని తీసేసేవాళ్లు. క్రైస్తవుల పిల్లలకు బొట్టు ఎట్లాగూ లేదు. మైదానంలోకి దిగితే ఎవరు ఎవరో చెప్పడం కష్టం. ఈ సంగతి సుబ్బరత్నమ్మ ఎన్నడూ నోటితో అనలేదుగాని, ఆ చీర కట్టిన సాయంత్రాల్లో ఆమె నడక వేరుగా ఉండేది.

మరుసటి ఏడు, అంటే పందొమ్మిది వందల ముప్పై ఏడు జనవరిలో, పందెం కడపలో అన్నారు. ఆ కబురు విన్నరోజే సుబ్బరత్నమ్మ తాను రానని చెప్పేసింది. జ్ఞానమణి బట్టలుతికే బండ దగ్గర ఆమెను పట్టుకుంది.

"నువ్వు రాకుంటే మనం గెలిచేది లేదక్కా. మనకిదే ఆఖరు. మార్చిలో పరీచ్చలు, అయినంక ఎవురి దోవ వాళ్లది."

"కర్నూల్లో ఆ ప్లీడరుకు తప్ప నేనెవురో ఎవురికీ తెలీదు మ్మే. కడపలో మా మేనత్త ఉండాది. మా ఊరోళ్లు సంతకొస్తాంటారు. కొంగు దోపుకోని నలుగుర్లో ఎగురుతాండానని తెలిస్తే మా యన్న బండి కట్టుకోని వస్తాడు."

"వస్తే రానీ. ఆటయినంక వస్తే సాలు."

సుబ్బరత్నమ్మ నవ్వి చీర పిండుకుంది. జ్ఞానమణి ఊరుకోలేదు. భోజనాల దగ్గర అడిగింది, ప్రార్థన అయ్యాక అడిగింది, తడిగుడ్డ వేసి నల్లబల్ల తుడుస్తుంటే అడిగింది. అడగనప్పుడు వరండాలో ఆమె ముందు నుంచి పదేపదే నడిచేది. చివరికి ఒక సాయంత్రం సుబ్బరత్నమ్మ తన కర్ర ఒళ్లో పెట్టుకుని వలలో వదులైన తోలుదారం బిగిస్తూ కనబడింది.

"వస్తాండావా అక్కా?"

"ఆ షీల్డు మింద కడప కడప అని సదివీ సదివీ నాకూ యాష్టకొచ్చింది" అంది, తల ఎత్తకుండా.

ద్రోణాచలంలో ఒక బండి, గుంతకల్లులో ఇంకొక బండి మారి కడప చేరారు. కర్రల కట్ట జ్ఞానమణి మోసింది, ఎవరికీ ఇవ్వలేదు. మొదటి ఆటలో బళ్లారి వాళ్లను సులువుగా ఓడించారు. కడప వాళ్లు నెల్లూరును ఓడించారు. ఫైనలు మరునాటి సాయంత్రం. ఆ రోజు పగలంతా జ్ఞానమణి అన్నం ముందు కూర్చోలేక, పళ్లెం చేత పట్టుకుని మిషను బడి వసారాలో తిరుగుతూ తిన్నది.

మైదానం చుట్టూ మనుషులు బాగానే చేరారు. చర్చి వాళ్లు, కచేరీ గుమాస్తాలు, బడిపిల్లలు, బజారు నుంచి వింత చూద్దామని వచ్చినవాళ్లు. ఆడపిల్లలు కర్రలు పట్టుకుని పరుగెత్తితే మొదట నవ్వారు. కాసేపటికి నవ్వడం మానేసి చూశారు. ప్రేమమ్మ పొడగరి, ఒక్క అడుగు వేస్తే రెండు అడుగుల దూరం పోతుంది. ఆమె వెంటనే ఒక గోలు కొట్టింది. జ్ఞానమణి ఒకటి తిరగకొట్టింది. మళ్లీ వాళ్లొకటి. ఈసారి సుబ్బరత్నమ్మ గోలు పక్కనే బంతి అందుకుని, తొందర లేకుండా చూసి, మూలకు వేసింది. రెండు రెండు అయింది.

అప్పుడే మైదానం చివర వేపచెట్ల కింద గూడుబండి ఒకటి వచ్చి ఆగింది. సుబ్బరత్నమ్మ అటు చూసింది. వలలో ఉన్న బంతి జారి నేల మీద పడింది. కడప పిల్ల ఎవరో దాన్ని ఎత్తుకుపోయింది. గోలు కాకముందే సగం ఆట అయిందని ఈల మోగింది.

"మా యెద్దులు" అంది సుబ్బరత్నమ్మ, కింద కూలబడి. "మా మేనత్త చెప్పినట్లుంది."

అందరూ నిమ్మరసం తాగుతున్నారు. ఆమె గ్లాసు ముట్టలేదు. బండి పక్కన పైపంచె వేసుకున్న మనిషి ఒకడు చేతులు కట్టుకుని ఇటే చూస్తున్నాడు.

"నేను పోతా మణీ. ఆయప్ప ఈడికొస్తే అందురి ముందర మాటలైతాయి."

ఆ పందెంలో ఒకరు వెళ్లిపోతే ఇంకొకరిని దింపే ఏర్పాటు లేదు. మిగిలినవాళ్లే ఆడాలి. జ్ఞానమణి ఆమె భుజం మీద చేయి పెట్టి కిందికి నొక్కింది. "నువ్వు కూసో. నేను పోయొస్తా." కర్ర చేతిలో పట్టుకునే మైదానం అడ్డంగా నడిచింది. నడవలేక సగం నుంచి పరుగు పెట్టింది.

బండి దగ్గరున్న మనిషి సుబ్బరత్నమ్మ అన్న శివన్న. ముప్పై దాటి ఉండవు. కోపంగా ఉన్నాడుగాని, ఆ కోపంలో సిగ్గు ఎక్కువ ఉంది. చుట్టూ ఎవరైనా వింటున్నారేమోనని చూసుకుంటున్నాడు.

"మా సుబ్బరత్నను పిల్చుకోని రాపో."

"అన్నా, ఇంగ సగమాట ఉండాది."

"నీకు నేను అన్ననెట్లయితా?"

"అక్కకు అన్నవు గదా, అట్ల అంటి."

అతను ఆమెను కింది నుంచి పైకి చూశాడు. "ఏ ఊరు మీది? మీ నాయన ఏం జేస్తాడు?"

జ్ఞానమణి ఊరు చెప్పింది, నాయన ఉపదేశి అని చెప్పింది. శివన్న ఒక అడుగు వెనక్కి వేశాడు. కావాలని వేసినట్టు లేదు, అలవాటు కొద్దీ పడిన అడుగు. జ్ఞానమణికి అది కొత్త కాదు. ఆమె చెవులు మాత్రం వేడెక్కాయి. కర్రను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటూ నిలబడింది.

"ఎవురబ్బా ఆ పాప?" బండిలోంచి ఆడగొంతు వినబడింది. గూడుకు కట్టిన దుప్పటి కొంచెం పక్కకు జరిగింది. కృష్ణవేణమ్మ మొగం కాదు, కళ్లు మాత్రం కనబడ్డాయి. ఆమె జ్ఞానమణిని చూసి, ఆమె చేతిలోని కర్రను చూసి, తర్వాత మైదానం వైపు చూసింది.

"మన సుబ్బరత్న యాదిరా వాళ్లల్లో?"

శివన్న చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి గాల్లో అట్లాగే ఉండిపోయింది. చెట్టు నీడలో తెల్లచీరల పిల్లలు, కొందరు కూర్చుని, కొందరు నిలబడి, అందరి కొంగులూ నడుముకే. అందరి చేతులూ బోడివే. అతను చెయ్యి దించుకున్నాడు.

"అందురూ ఒగటే మాదిరి ఉండారు" అంది కృష్ణవేణమ్మ. ఆ మాట కొడుకుతో అన్నట్టు లేదు. కాసేపు అట్లాగే చూసింది. "శివన్నా, ఎద్దులిప్పు."

"ఎందుకుమా? ఆ పిల్లను ఎక్కించుకోని పోతాం గదా."

"తెల్లార్నించీ లాగినాయి. నీళ్లు తాపు, రోంత మేత ఎయ్యి. అందాక నేనీడ కూసోని చూస్తా."

తల్లి దుప్పటి ఇంకొంచెం పక్కకు జరుపుకుని సర్దుక్కూర్చుంది. అతను కాడి దించి, ఎద్దులను విప్పాడు.

జ్ఞానమణి ఎంత వేగంగా తిరిగివచ్చిందంటే, మాట వెంటనే రాలేదు. "ఎద్దులిప్పినారక్కా" అంది రొప్పుతూ. సుబ్బరత్నమ్మ వేపచెట్ల వైపు ఒకసారి చూసి, లేచి, కొంగు బిగించి దోపుకుంది.

రెండో సగం మొదలయ్యాక కడప వాళ్లు మళ్లీ ముందుకు పోయారు. ప్రేమమ్మ వేసిన బంతి గోలు కాచే పిల్ల మోచేతికి తగిలి లోపల పడింది. ఆ తర్వాత చాలాసేపు ఏదీ కలిసిరాలేదు. జ్ఞానమణికి నోరెండిపోయింది. బంతి ఎక్కడుంటే అక్కడికల్లా పోయింది, తన చోటు కానిచోటికీ పోయింది, దొరసాని పక్కనుంచి ఏదో అరిచినా వినలేదు. అట్లా తన చోటు కానిచోట బంతి దొరికి, ప్రేమమ్మ కర్రతో కొట్టినా వలలోంచి జారనీయకుండా పోయి, ఎవరూ అనుకోని వైపు నుంచి గోలు కొట్టింది. మూడు మూడు.

పొద్దు వాలింది. చివరి నిమిషాల్లో బంతి మళ్లీ జ్ఞానమణి వలలో పడింది. ముందు ఖాళీ నేల. ఊయల ఊపుతూ పరుగెత్తింది. ప్రేమమ్మ పక్క నుంచి దగ్గరికి వస్తూ ఉంది, కిందటేడు వచ్చినట్టే. కుడివైపు సుబ్బరత్నమ్మ. ఆమె బండి వైపు చూడడం లేదు. "ఈడికి" అంది, గట్టిగా కూడా అనలేదు.

నిలబడాలంటే జ్ఞానమణికి ఈసారీ చేతకాలేదు. పరుగెత్తుతూనే విసిరింది. బంతి పోవలసిన చోటికి పోలేదు, సుబ్బరత్నమ్మ వెనక్కి పోయింది. ఎప్పుడూ తొందరపడని మనిషి గిరుక్కున తిరిగి, రెండు కాళ్లూ నేల విడిచి ఎగిరి, వల చివరతో బంతి అందుకుంది. కింద పడుతూనే వేసింది. గోలు.

షీల్డు మీద రెండోసారి కర్నూలు పేరు చెక్కారు. ఆ తర్వాత ఒకటి రెండేళ్లు పందెం సాగి, యుద్ధం రావడంతో ఆగిపోయింది, మళ్లీ మొదలుపెట్టినవాళ్లు లేరు. ఆ సాయంత్రం ఇదేదీ ఎవరికీ తెలియదు. ప్రేమమ్మ వచ్చి చేయి కలిపి, "ఈసారి మాకు జొరం లేదు, నిజంగానే గెలిచినారు" అని పోయింది.

సుబ్బరత్నమ్మ బండి దగ్గరికి నడిచింది. జ్ఞానమణి వెనకే వెళ్లింది.

"ఆయాసం రాలేదా మ్మే?" అని తల్లి అడిగింది.

"వచ్చిందిమా."

"మరి?"

"బాగుండాది."

కృష్ణవేణమ్మ చేయి బయటికి చాచి కూతురి చెంపమీది దుమ్ము తుడిచింది. శివన్న ఎద్దులను కాడికి కడుతూ, వాళ్ల వైపు చూడకుండా, "ఇంగ సదువు సాలు, ఇంటికి పోదాం" అన్నాడు. సుబ్బరత్నమ్మ తన కర్రను జ్ఞానమణి చేతిలో పెట్టింది. "నాలుగు దినాలుండి వస్తా, నువ్వు పో" అని జ్ఞానమణితో చెప్పి బండెక్కింది.

కర్నూలులో షీల్డుకు పూలదండ వేశారు, పాయసం వండారు. జ్ఞానమణి తన గిన్నె పక్కపిల్లకు ఇచ్చేసింది. నాలుగు రోజులు అయ్యాయి, వారం దాటింది. సుబ్బరత్నమ్మ మంచం మీద పరుపు చుట్టే ఉంది. వాకిట్లో జట్కా ఆగిన చప్పుడైతే చాలు, జ్ఞానమణి పాఠం మధ్యలో లేచి కిటికీ దగ్గరికి పోయేది. మిస్ హార్వే పిలిచి, వాళ్ల ఇంటి సంగతి వాళ్లు తేల్చుకోనీ, కొంచెం ఆగు అంది.

"ఆగేది నాకు రాదండీ" అంది జ్ఞానమణి. దొరసాని ఆమె ఆడిస్తున్న పాదం వైపు చూసి, హాస్టలు చూసుకునే జీవమ్మను తోడిచ్చి పంపింది.

కమలాపురంలో రైలు దిగి పల్లెకు నడిచారు. జొన్న కోతలు, దారి పొడవునా కంకుల బండ్లు. ఇంటి ముందు అరుగు మీద కాదు, అరుగు కింద నిలబడి పిలిచారు. పనిమనిషి సిద్దమ్మ చెంబు ఎత్తిపట్టి దోసిట్లో నీళ్లు పోసింది. తాగారు. కొంతసేపటికి శివన్న కళ్లం నుంచి వచ్చాడు. జ్ఞానమణిని చూసి ఆగి, తలగుడ్డ విప్పి మొగం తుడుచుకున్నాడు. మనిషి కడపలో చూసినప్పటికన్నా చిక్కి ఉన్నాడు.

"వచ్చినావా" అన్నాడు.

"పరీచ్చలుండాయి అన్నా."

అతను అరుగు మీద కూర్చున్నాడు. "ఆ దినం బండి దిగినకాడ్నుంచి మా యమ్మ నాతో మాట్లాడల్యా. అన్నం పెడతాది, ఎదురుగా కూసుంటాది, మాట మాత్రం లేదు. ఈ పిల్ల అంతే. ఈ ఇంట్లో గొడ్లతో తప్ప నాకు మాటల్లేవు." లోపలికి తిరిగి కొంచెం గట్టిగా అన్నాడు. "పంపిస్తాలేమా. మాట్లాడు ఇంగ."

లోపల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడయింది. సుబ్బరత్నమ్మ గడప దాటి వచ్చింది. తెల్లచీర, భుజాల చుట్టూ కప్పుకున్న కొంగు. జ్ఞానమణిని చూసి ఆమె మొగం మారింది.

"నువ్వెందుకొచ్చినావే ఇంత దూరం?"

"ఉండలేకపోతినక్కా."

కృష్ణవేణమ్మ తలుపు వెనక నిలబడి, మళ్లీ ఆట ఎప్పుడు, యాడ అని అడిగింది. వచ్చే ఏడు బళ్లారిలో, అప్పటికి మా చదువు అయిపోతుంది, మేము ఉండము అని జ్ఞానమణి చెప్పింది. "అట్లనా" అంది ఆమె.

స్టేషనుకు శివన్నే బండి కట్టాడు. చెల్లెలు ఎక్కింది. జీవమ్మ, జ్ఞానమణి దారి పక్కన నిలబడి ఉంటే, ఎద్దుల ముక్కుతాళ్లు సరిచేస్తూ, వాళ్ల వైపు చూడకుండా, "ఎక్కండి, యాలయితాంది" అన్నాడు. ఎక్కారు. రైలు ఆలస్యంగా వచ్చింది. అతను వెళ్లిపోకుండా ప్లాటుఫారం మీదే నిలబడ్డాడు. రైలుపెట్టెలో వాళ్లు సర్దుకున్నాక కిటికీ దగ్గరికి వచ్చి, జ్ఞానమణి వైపు చూసి, ఏదో మరిచిపోయినవాడిలా తలగోక్కున్నాడు.

"కడపోళ్లల్లో ఆ పొడుగు పాప ఉండాదే, ఆయమ్మ నీ కర్రను కొట్టినా నీ బంతి పడిపోకపాయ. అదెట్ల?"

"నువ్వు ఎద్దులకు నీళ్లు తాపుతాంటివి గదా అన్నా" అంది సుబ్బరత్నమ్మ.

"తాపుతానే చూసినా."

జ్ఞానమణి కిటికీ చువ్వల మీదికి వాలి, రెండు చేతులూ కర్ర పట్టుకున్నట్టు పట్టి, ఊపి చూపించింది. మణికట్టు ఎట్లా తిప్పాలో, ఎదుటిమనిషి వచ్చినప్పుడు భుజం ఎటు తేవాలో చెబుతూ ఉంటే రైలు కదిలింది. శివన్న వింటూ పక్కన నాలుగడుగులు నడిచాడు, ఆపైన వేగం పెంచాడు.